మిస్త్రీ మెరుపు పెట్టిన పువ్వు పైసా

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కొత్తగా చేరిన పిల్లలు నన్ను దారిలో ఎక్కడైనా చూస్తే సైకిలు దిగి మరీ పలకరిస్తారు. పింఛనుదారుడికి అంతకంటే ఏం కావాలి. పలకరించి ఊరుకోరు, మీ రోజుల్లో అన్నిటికంటే కష్టమైన పని ఏదని అడుగుతారు. ఏ బాయిలరు గురించో, ఏ క్రేను గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నేను ఇరవై పైసల బిళ్ళ ఒకటి వెతికిన సంగతి మొదలుపెడతాను. సగం మంది డ్యూటీకి టైమైందని వెళ్ళిపోతారు. అలా వెళ్ళిపోయినవాళ్ళు కూడా ఇంట్లో తీరిగ్గా చదువుకుంటారని ఇది రాస్తున్నాను.

నేను పనిచేసింది ఇత్తడి సామాన్లకు మెరుపు పెట్టే సెక్షన్లో. తలుపుల పిడులు, గొళ్ళేలు, దీపాల చట్రాలు, గంటలు మా దగ్గరికి నల్లగా వచ్చి పచ్చగా మెరుస్తూ వెళ్ళేవి. మోటారుకు బిగించిన గుడ్డచక్రం గిర్రున తిరుగుతుంటే దానికి మైనం ముద్ద రాసి, సామానును ఆనించి పట్టుకోవాలి. ఎంత గట్టిగా ఆనించాలి, ఏ క్షణంలో తీసేయాలి అన్నది చేతికి తెలియాలి. మా మిస్త్రీ చేతికి తెలిసినంతగా ఇంకెవరి చేతికీ తెలియదు.

ఆయన నాకు వరసకు బావ. ఆ వరస ఎటునుంచి కలిసిందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరి పెద్దవాళ్ళూ శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చినవాళ్ళు, ఓల్డ్ సెటిల్‌మెంటు రైల్వే కాలనీలో మా వాకిలికీ వాళ్ళ వాకిలికీ నాలుగడుగులు దూరం, అంతే చాలింది. మాసిన లోహం కంటపడితే ఆయనకు అన్నం సయించదు. టీ కొట్టువాడి కెటిల్‌కీ, పక్కింటివాళ్ళ సైకిలు గంటకీ అడగకుండానే మెరుపు పెట్టిన మనిషి. ఒకసారి పెళ్ళిలో భోజనానికి కూర్చోబోతూ దీపపు కుందె నల్లగా ఉందని లేచి వెళ్ళి బూడిదతో తోమి వచ్చాడు. వాళ్ళావిడ ఆ పెళ్ళిలో ఆయనతో మాట్లాడలేదు.

ఆయనకు ప్రాణస్నేహితుడు పే ఆఫీసులో పనిచేసే బెంగాలీ దాదా. జీతాలు నోట్లూ చిల్లరా లెక్కపెట్టి చేతికిచ్చే రోజులవి. ఇద్దరూ ఇంచుమించు ఒకే సమయంలో ఉద్యోగంలో చేరారు. మధ్యాహ్నం గేటు పక్క టీ కొట్టు దగ్గర కలిసి తినేవారు. దాదా కాగితప్పొట్లంలో ముడి తెచ్చేవాడు, అంటే మన బొరుగులు. మిస్త్రీ ఇంటినుంచి ఉల్లికారం వచ్చేది. రెండూ కలిపి ముగ్గురం తినేవాళ్ళం. మూడోవాణ్ణి నేను, నా వంతుగా టీ చెప్పేవాణ్ణి.

దాదాకు నాణేల పిచ్చి. బ్యాంకు నుంచి కొత్త చిల్లర సంచి వస్తే అందులో ఒక్క బిళ్ళ తీసుకుని, తన జేబులోంచి అంతే విలువైనది వేసేవాడు. తీసుకున్నదాన్ని పైన వేలు ఆనకుండా అంచులు పట్టుకుని, మెత్తటి గుడ్డ పరిచిన చెక్కపెట్టెలో దాని గుంటలో పెట్టేవాడు. పాత రాజుల వెండి రూపాయిలు కూడా ఉండేవి, అవి కలకత్తాలో కొన్నవి. ముడి నములుతూ మాకు పాఠం చెప్పేవాడు. ఆయన తెలుగు మా సెటిల్‌మెంటులో నేర్చుకున్నది, మధ్యమధ్య తన భాష కలిసేది.

"శోనో, ఇను మిస్త్రీ. తక్కువ సేసిన నాణెం దొరకదు అనుకుంటావు. దొరుకుతాది. తక్కువ అని అందరికీ తెలుసు, అందుకే అందరూ దాసినారు. పైసలు పట్టుకుని దుకాణానికి ఎల్తే సాలు. ఎక్కువ సేసినారు సూడు, దాన్ని ఎవులూ దాయలేదు, ఖర్చు సేసినారు. మంచిది కావాల అంటే అదే దొరకదు."

"ఎక్కువున్నది దొరకదా? నీ లెక్క మా ఊరి బస్సు లాగున్నాది దాదా, ఉన్నాదంటారు గానీ దొరకదు" అని మిస్త్రీ నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ మాట అర్థం కావడానికి మాకు ఒక చలికాలమంతా పట్టింది.

విశ్వకర్మ పూజ ముందురోజు సంగతి. పూజనాడు గేట్లు తీసి ఇంటివాళ్ళందరినీ లోపలికి రానిస్తారు కాబట్టి సెక్షన్లన్నీ పోటీపడి అలంకరించుకుంటాయి. ఆ ఏడు మా సెక్షన్లో పాత సామాన్లు ప్రదర్శనకు పెట్టాం. గార్డుల లాంతర్లు, పాత తాళాలు, గంటలు. దాదా వచ్చే చలికాలం చివర రిటైరవుతున్నాడు. అందుకని మొదటిసారి తన పెట్టె బయటికి తీశాడు. స్వయంగా మోసుకొచ్చి మిస్త్రీ చేతిలో పెట్టి, "గాజు పెట్టెలో పెట్టు. సాయంత్రం నేను వొచ్చి సర్దుతాను" అని చెప్పి పే ఆఫీసుకు వెళ్ళిపోయాడు. నేను పూలదండలు తేవడానికి గోల్ బజారుకు వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి మిస్త్రీ గుడ్డచక్రం ముందు కూర్చుని మురిసిపోతున్నాడు. రెండు వేళ్ళ మధ్య ఒక బిళ్ళ ధగధగలాడుతోంది.

"సూడు బామ్మర్దీ. దాదా పెట్టెలోన అన్నీ బాగున్నాయి, ఇదొక్కటీ సిలుం పట్టీసినట్టు ఉన్నాది. రేపు జనం సూస్తే దాదా పరువేటి కావాల? రవ్వంత ఆనించినాను, అంతే. ఎలగున్నాది?"

అది తామరపువ్వున్న ఇరవై పైసల బిళ్ళ. నా చిన్నప్పుడు కొత్తగా వచ్చింది. అందులో బంగారం కలిసిందని పుకారు పుట్టి, కొందరు ఉంగరాలు కూడా చేయించుకున్నారు. మన ఆడవాళ్ళు పువ్వుంది కదా అని లక్ష్మీపూజకు దాచుకున్నారు. దాదా పెట్టెలోది ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో సంచిలోంచి తీసింది. అన్నేళ్ళూ ఎవరి చెయ్యీ తగలక మెల్లగా తేనె రంగుకు తిరిగింది. ఆ రంగు చూపించడానికి మమ్మల్ని ఒకసారి కిటికీ దగ్గరికి పిలిచాడు కూడా. అప్పుడు మిస్త్రీ ఉల్లికారం కలుపుతూ సరిగా వినలేదనుకుంటాను.

సాయంత్రం దాదా వచ్చాడు. బిళ్ళను అంచులు పట్టుకుని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. పువ్వు రేకుల మీద ఉండే సన్నటి గీతలు చక్రానికి అరిగిపోయి, పువ్వు నున్నగా ఉంది. తిడతాడని కాచుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. దాన్ని పెట్టెలో కాక జేబులో వేసుకుని, "ఠీక్ హై. ఠీక్ హై మిస్త్రీ" అన్నాడు. మర్నాడు ప్రదర్శనలో దాదా పెట్టె ఉంది, ఒక గుంట ఖాళీగా ఉంది, దాదా మాత్రం రాలేదు.

"ఏటైనాది? మెరుపు సాలనేదా?" అని మిస్త్రీ నన్నడిగాడు. నాకు తెలిసినంత చెప్పాను. నాణెం పైన పుట్టినప్పటి పొర ఒకటి ఉంటుందని, అది పోతే ఎవరూ తిరిగి పెట్టలేరని, మెరిసేకొద్దీ దాని విలువ పోతుందని. ఆయన చాలాసేపు తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆయన చేత్తో ముట్టుకున్న వస్తువు పాడవడం అదే మొదటిసారి. నాకు ఆయన మీద జాలేసింది, దాదా మీదా జాలేసింది. మధ్యలో నా మీద కూడా కొంచెం వేసింది, ఎందుకంటే మర్నాటినుంచి టీ కొట్టు దగ్గర ఉల్లికారం ఉండేది గానీ ముడి ఉండేది కాదు.

దాదా మాట్లాడడం మానలేదు. దారిలో ఎదురైతే బాగున్నావా అనేవాడు. అదే మిస్త్రీని కాల్చింది. ఇంతలో ఇంకో కబురు తెలిసింది. రిటైరైన రోజున దాదా తన పెట్టెను రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కు, అంటే ఉద్యోగుల క్లబ్బుకు, ఇచ్చేసి, భార్యతో బాంకురా వైపు సొంతూరు వెళ్ళిపోతాడట. పెట్టెను గాజు అల్మరాలో అందరికీ కనబడేలా శాశ్వతంగా ఉంచుతారట.

"ఆ బొక్కతోటే పెట్టీస్తారా?" అన్నాడు మిస్త్రీ. "ఆ బొక్క నాది. నాను సచ్చినా అదలాగే ఉంటాది. బామ్మర్దీ, దాదా ఎల్లిపోయేలోగా దాన్ని నింపాల. పువ్వు పైసాయే కదా, మన సెటిల్‌మెంటులోన ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి."

నిజమే. మన తెలుగువాళ్ళ ఇళ్ళల్లో అవి లేని ఇల్లు అరుదు. డ్యూటీ దిగగానే ఇద్దరం సైకిళ్ళమీద బయలుదేరేవాళ్ళం. మొదటి ఇంట్లోనే ఒకావిడ గుప్పెళ్ళతో తెచ్చి చాపమీద పోసింది. మిస్త్రీ ముఖం వికసించింది. నేను ఒక్కొక్కటే తిప్పి చూశాను. అన్నీ చింతపండుతో తోమినవే. ఏటా శ్రావణమాసంలో తోమి, ఆరబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, మళ్ళీ తోమి దాచినవే. ఎన్నో ఏళ్ళ భక్తికి రేకులు అరిగి, పువ్వులు మొగ్గల్లా అయిపోయాయి.

"కడగనిది ఒక్కటి ఉంటాదా అమ్మా?" అని అడిగాను.

ఆవిడకు కోపమొచ్చింది. "మా ఇంట్లోన మురికి పైసలు దేవుడికి పెడతామేటి? ఎవులు సెప్పినారు మీకు?"

రెండో ఇంట్లో ఒక ముసలమ్మ మేము వెతుకుతున్న తీరు చూసి, తన బిళ్ళలు మాకు నచ్చలేదనుకుంది. సరసరా లోపలికి పట్టుకెళ్ళి ఇంకోసారి తోమి తెచ్చింది. వద్దమ్మా వద్దమ్మా అంటున్నా వినలేదు. మేం కాఫీ తాగి వచ్చేశాం. ఓల్డ్ సెటిల్‌మెంటు అయ్యాక ట్రాఫిక్ కాలనీ తిరిగాం. అక్కడ ఒక ఇంట్లో పూజకు పెట్టనిది దొరికింది గానీ, అది బజార్లో తిరిగి తిరిగి పువ్వో కాయో తెలియకుండా అయింది. జేబుల్లో తిరిగినవి చేతులకు అరిగాయి, దేవుడి దగ్గర ఉన్నవి చింతపండుకు అరిగాయి. మొత్తానికి అరగనిది లేదు.

ఒక ఆదివారం లోకల్ పట్టుకుని హౌరా వెళ్ళి, అక్కణ్ణుంచి కలకత్తాలో నాణేలమ్మే వీధికి వెళ్ళాం. దుకాణం ఆసామి అడగకముందే రాజుల కాలం వెండి రూపాయిలు తీసి, ఏది కావాలన్నాడు. ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవరులో నీటుగా ఉంది. మా అవసరం చెప్పాను. నవ్వి, గోనెసంచి ఒకటి కాలితో ముందుకు జరిపాడు. దాన్నిండా పువ్వు పైసలే, అన్నీ మెరుస్తున్నాయి.

"తేనె రంగుదా? ఆ రోజుల్లో ఇరవై పైసలు ఎవడు దాచుకున్నాడు భాయ్? మీకు దొరికితే నాకే తెచ్చివ్వండి, మంచి ధర ఇస్తాను" అన్నాడు హిందీలో.

తిరుగు బండిలో మిస్త్రీ కిటికీ పక్కన కూర్చున్నాడు. పాంశ్‌కురా స్టేషను దాటాక, "దాదా సెప్పిన లెక్క ఇదే కదా బామ్మర్దీ" అన్నాడు. "రాజుగారి రూపాయి దొరుకుతాది, ఇరవై పైసలు దొరకదు. నాను నవ్వినాను. ఇప్పుడు రైలు టిక్కెట్టు కొనుక్కొచ్చి నేర్సుకున్నాను."

దాదా రిటైర్మెంటు దగ్గరపడింది. మిస్త్రీ భోజనం తగ్గించేశాడు. సెక్షన్లో సామాను మెరుపు పెట్టేటప్పుడు కూడా చెయ్యి వెనకాడేది. నాకు భయం వేసింది, ఈ మనిషి ఇలాగే పని మానేస్తాడేమోనని. చివరికి దారి చూపించింది వాళ్ళావిడ. మేమిద్దరం వాకిట్లో దిగాలుగా కూర్చుని ఉంటే, బియ్యం ఏరుకుంటూ అంది:

"పూజలు సేసే ఇళ్ళన్నీ తిరిగినారు. అవి కడిగే ఇళ్ళని మీకే తెలుసు. పూజ సెయ్యని ఇంట్లోన అడిగినారా?"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా వీధి చివర సిస్టరమ్మ ఉంది. రైల్వే ఆసుపత్రిలో కాన్పుల వార్డులో చేసి రిటైరైన నర్సు. కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవుల కుటుంబం. మా సెటిల్‌మెంటులో మా పిల్లల తరం సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. రోజూ నమస్కారం పెట్టే ఇల్లే, అడగాలని మాత్రం తోచలేదు.

సిస్టరమ్మ మా మాట విని లోపలికి వెళ్ళి, ముదురు గోధుమరంగు మాత్రల సీసా ఒకటి తెచ్చింది. మూత బిగుతుగా ఉంది. లోపల దూది కుక్కి ఉంది.

"పిల్ల పుట్టిందని తండ్రులు నా సేతిలో పైసలు పెట్టేవోరు. వొద్దంటే మొకం సిన్నబుచ్చుకునేవోరు. ఖర్చు సెయ్యబుద్ధి కాలేదు బాబూ. దూది ఉన్నాది, సీసా ఉన్నాది, అందులోన ఏసీసినాను."

"ఎప్పుడూ కడగలేదా సిస్టరమ్మా?" అని అడిగాను.

"మా ఇంట్లోన పైసలికి నీళ్ళు ఎవులు పోస్తారు నాయనా?" అని నవ్వింది. "నాను నీళ్ళు పోసింది పిల్లలకి."

బల్లమీద తెల్లటి రుమాలు పరిచి, పాత అలవాటు కొద్దీ చిన్న పట్టకారుతో దూది లాగి, బిళ్ళల్ని ఒక్కొక్కటే తీసి పెట్టింది. పావలాలు, పది పైసలు, ఒక అర్ధరూపాయి. ఆ తర్వాత పువ్వు పైసా. మొదటిది కొంచెం నల్లబడింది. ఇంకోటి తీసి కిటికీ వైపు తిప్పి పెట్టింది. తేనె రంగు. రేకుల మీద సన్నటి గీతలు అన్నీ ఉన్నాయి. మిస్త్రీ రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, వంగి చూస్తూ నిలబడ్డాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు, తుడుచుకోనూ లేదు.

"నా పెద్ద పిల్ల పుట్టినపుడు నానూ ఇచ్చినాను సిస్టరమ్మా. జీతంలో వొచ్చిన కొత్త పువ్వు పైసాయే. దాదాయే ఇచ్చినాడు ఆ జీతం. ఇది నాదేనా?"

"ఏది ఎవులిదో నాకేటి తెల్సు బాబూ. అందరూ నవ్వుకుంటానే ఇచ్చినారు" అంది. ఎంత బతిమాలినా డబ్బు ముట్టలేదు. ఆ పువ్వు పైసాను వేరే చిన్న సీసాలో దూది మధ్య పెట్టి మూత బిగించి, "పడుకున్న పిల్లని తీసుకెల్లినట్టు తీసుకెల్లండి" అని పంపించింది.

దాదా వీడ్కోలు పే ఆఫీసులో. దండలు, మిఠాయి, ఆఫీసరుగారి ఉపన్యాసం అన్నీ అయ్యాక ఫొటోకు నిలబడుతుంటే మిస్త్రీ ముందుకు వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబును పైనుంచి అరచేత్తో కాపుకాసుకుంటూ వచ్చాడు. సీసా తీసి దాదా ముందు బల్లమీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

దాదా దూది తీశాడు. మెళ్ళో దండ అడ్డమొస్తుంటే తీసి కుర్చీ మీద వేశాడు. భూతద్దం పెట్టి చూశాడు. ఫొటోగ్రాఫరు గొణుగుతున్నా వినిపించుకోలేదు. చాలాసేపటికి తల ఎత్తి, "కోథాయ్ పేలే?" అన్నాడు. ఎక్కడ దొరికిందని. ఆ తొందరలో తెలుగు మరిచిపోయాడు.

నేనే చెప్పాను. చింతపండు ఇళ్ళ సంగతి, గోనెసంచి సంగతి, మాత్రల సీసా సంగతి. ముసలమ్మ ఇంకోసారి తోమి తెచ్చిందన్నప్పుడు దాదా పెద్దగా నవ్వాడు. విశ్వకర్మ పూజ ముందురోజు నుంచి ఆ నవ్వు వినలేదు. తర్వాత పెట్టె తెరిచి, ఖాళీ గుంట చూపించి, "నువ్వే పెట్టు మిస్త్రీ" అన్నాడు.

"నా సెయ్యొద్దు దాదా."

"నీ సెయ్యే కావాల."

మిస్త్రీ చేతులు చొక్కాకు తుడుచుకోబోయి ఆగాడు. నా రుమాలు అడిగి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. అంచులు పట్టుకుని బిళ్ళను గుంటలో పెట్టాడు. అప్పుడు దాదా తన జేబులోంచి ఇంకో బిళ్ళ తీశాడు. మెరుపు పెట్టిన ఆ పాత పువ్వు పైసాయే. దాన్ని ఇన్నాళ్ళూ జేబులోనే ఉంచుకున్నాడన్నమాట. పక్కనే గుడ్డమీద చోటు చేసి దాన్నీ పెట్టాడు.

"ఇదెందుకు దాదా?" అన్నాడు మిస్త్రీ, సిగ్గుపడుతూ.

"ఇది కూడా నాదే కదా. దీనికి మెరుపు పెట్టినవాడు మా మిస్త్రీ."

ఆ మధ్యాహ్నం ముగ్గురం టీ కొట్టు దగ్గర ముడి తిన్నాం. రిటైరైనవాడు మిఠాయి తినాలి గానీ బొరుగులేమిటని కొట్టువాడు వేళాకోళం చేశాడు. దాదా వాడిచేత ఇంకో పొట్లం కట్టించాడు.

ఇప్పుడు ముగ్గురం పింఛనుదారులమే. దాదా బాంకురా నుంచి ఏటా పూజకు బండెక్కి వస్తాడు, సంచిలో ముడి తెస్తాడు. ముగ్గురం కలిసి ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళి గాజు అల్మరా ముందు కాసేపు నిలబడతాం. పిల్లలు వచ్చి రెండు పువ్వు పైసలూ చూసి, మెరిసేదే బాగుందంటారు. దాదా ఏమీ అనడు. మా ఆవిడ కూడా శ్రావణమాసం వస్తే చింతపండు నానబెట్టి పూజపైసలు తోముతుంది. నేనూ ఏమీ అనను, నీళ్ళు పోస్తాను. పూజలో మెరవడం వాటి పని.

సిస్టరమ్మ సీసా సంగతి ఊరంతా పాకింది. దాంతో ఇంకో తమాషా మొదలైంది. ఆ రోజుల్లో పిల్లలు పుట్టిన తండ్రులందరూ ఆ తేనె రంగు బిళ్ళ తమదేనంటున్నారు. మిస్త్రీ కూడా చాలాకాలం ప్రతి ఒక్కరితో వాదించాడు. అది తన పెద్ద పిల్ల పుట్టినప్పటిదేనని, రంగు చూస్తే తెలియడం లేదా అని.

మొన్న పూజనాడు మేం ముగ్గురం అక్కడ ఉండగా ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అద్దం మీద వేలు ఆనించి, "ఇదే. మీ అమ్మ పుట్టినపుడు సిస్టరమ్మకి నాను ఇచ్చిన పైసా" అని చూపించాడు. నేను మిస్త్రీ వైపు చూశాను, గొడవ మొదలవుతుందని. మిస్త్రీ కాసేపు ఆ అమ్మాయి ముఖం చూశాడు.

"అవునమ్మా, మీ తాత ఇచ్చిందే. బాగా సూసుకో" అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక అద్దం మీద ముసలాయన వేలిముద్రలు మిగిలాయి. మిస్త్రీ వాటినే చూస్తూ నిలబడ్డాడు. చెయ్యి జేబులోకి వెళ్ళి రుమాలు తీసింది, తీసి ఆగిపోయింది. దాదా వైపు తిరిగాడు.

"అద్దం తుడవొచ్చు కదా దాదా?"

"తుడువు మిస్త్రీ" అన్నాడు దాదా. "అద్దం నీ ఇష్టం. ఎంత కావాలంటే అంత తుడువు."